చరిత్ర అరలో ఎవరు, భక్తి అరలో ఎవరు?

పుస్తకాన్ని చెవితో వినడం మన ఆడవాళ్ళకు కొత్త సంగతేమీ కాదు. అక్షరం వచ్చిన ఒక్కరు చదువుతుంటే చుట్టూ పదిమంది కూర్చుని వినడం, విన్నదాన్ని పాటగా కట్టుకుని నాట్లలో పాడుకోవడం తెలంగాణ పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. ఇప్పుడు కొత్తగా జరిగిందల్లా ఆ చదివే మనిషి సెల్‌ఫోన్‌లోకి చేరడం. గత పదేళ్ళలో తెలుగులో ఆడియో పుస్తకాలు బాగా పెరిగాయి. దాసుభాషితం వంటి యాప్‌లు వచ్చాయి, పుస్తకాలు చదివి వినిపించే యూట్యూబ్ ఛానళ్ళు వచ్చాయి. కథలూ నవలలూ అటుంచి, చరిత్ర, భక్తి, సంగీతం అన్న మూడు పేర్ల కింద వస్తున్న వాటిని నేను రెండేళ్ళుగా పనిగట్టుకుని వింటున్నాను. కొత్తగూడ నుంచి నర్సంపేట పోయే బస్సులో ఒక్కదాన్నే వింటాను. సంఘం కూర్చున్నప్పుడు అందరికీ వినిపిస్తాను. మా అడవి ఊళ్ళలో సిగ్నలు నిలకడగా ఉండదు కాబట్టి ముందే మెమరీ కార్డులో వేసుకుని పోవాలి. విన్నవాటి మీద నా అభిప్రాయాలు ఈ పత్రికలో రాయడానికి కారణం ఒకటే. ఇది కాలక్షేపం వ్యవహారం కాదు. మన గతాన్ని మనకు వినిపించే అధికారం ఎవరి చేతుల్లో ఉందన్న పాత ప్రశ్నే ఇక్కడ కొత్త వేషంలో వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో స్త్రీల అక్షరాస్యత దాదాపు 58 శాతం. అంటే ప్రతి అయిదుగురిలో ఇద్దరికి పుస్తకం మూసిన తలుపే. మా సంఘంలో నడివయసు దాటిన కోయ, లంబాడ స్త్రీలలో సంతకం చేసేవాళ్ళున్నారు గానీ పేజీ చదవగలిగేవాళ్ళు అరుదు. స్త్రీల హక్కుల గురించి దశాబ్దాలుగా కరపత్రాలు, పుస్తకాలు, పత్రికలు వస్తున్నాయి. ఎవరి బతుకుల గురించి వాటిలో రాస్తున్నామో వాళ్ళే వాటిని చదవలేరు. మత ప్రచారకులు ఈ సంగతిని ఉద్యమాల కంటే చాలా ముందే పట్టుకున్నారు. 1939లో లాస్ ఏంజెలెస్‌లో జాయ్ రిడర్‌హాఫ్ అనే ఆవిడ గాస్పెల్ రికార్డింగ్స్ అన్న సంస్థను మొదలుపెట్టి, చదవడం రాని జనాల కోసం వాళ్ళ వాళ్ళ భాషల్లోనే గ్రామఫోన్ రికార్డులు చేయించింది. చూపు లేనివారి కోసం అమెరికా, బ్రిటన్‌లలో మాట్లాడే పుస్తకాలు వచ్చింది కూడా ఆ 1930లలోనే. హక్కుల ఉద్యమాలు మాత్రం అచ్చు కాగితాన్నే ఎక్కువ నమ్ముకున్నాయి.

ఫోను వచ్చింది గనుక ఇక తలుపు తెరుచుకున్నట్టేనా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో తాము సొంతంగా వాడుకునే సెల్‌ఫోన్ ఉన్న స్త్రీలు 54 శాతమే. మిగతావాళ్ళకు భర్తదో కొడుకుదో ఫోను. అది కూడా వాళ్ళు ఇంట్లో ఉన్నప్పుడు, వాళ్ళ ఇష్టం ఉన్నప్పుడు. అందుకే ఆడియో పుస్తకం ఒంటరిగా వినే వస్తువు అన్న పట్నం ఆలోచన మా దగ్గర నడవదు. మేము సంఘం ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి గుంపుగా వింటాం. గుంపుగా వినడంలో ఒక లాభముంది. నచ్చకపోతే ఎవరో ఒకరు మధ్యలో ఆపమంటారు. ఎందుకు ఆపమన్నారో చెబుతారు. ఈ వ్యాసంలో ఉన్న అభిప్రాయాలలో చాలా భాగం అలా ఆపమన్న చోట్ల పుట్టినవే.

యాప్ తెరవగానే అరలు కనబడతాయి. రుద్రమదేవి చరిత్ర అరలో ఉంటుంది. సమ్మక్క భక్తి అరలో ఉంటుంది. బెంగుళూరు నాగరత్నమ్మ గురించి ఏమన్నా ఉంటే అది సంగీతం అరలో, త్యాగరాజస్వామి పాదాల దగ్గర ఉంటుంది. ఈ సర్దుడు ఎవరు చేశారు, ఏ లెక్కన చేశారు అని ఎవరూ అడగరు. రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా ఓరుగల్లును ఏలింది. ఆమె మరణాన్ని 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతుంది. రాతి మీద ఉంది కాబట్టి చరిత్ర. సమ్మక్క కథ కోయ డోలీల గొంతులో, పడిగె గుడ్డ మీది బొమ్మల్లో ఉంది. కాబట్టి భక్తి. కానీ శాసనాలు చెక్కించింది పన్ను వసూలు చేసిన వాళ్ళూ, వాళ్ళ సామంతులూ. పన్ను కట్టలేమన్న వాళ్ళకు రాయి చెక్కించుకునే వీలు ఎక్కడిది? గుడ్డా గొంతూ తప్ప వాళ్ళకు మిగిలిందేముంది?

ఇది మా మండలానికి దూరపు ముచ్చట కాదు. సమ్మక్క భర్త పగిడిద్దరాజు గుడి కొత్తగూడ మండలం పూనుగొండ్లలోనే ఉంది. రెండేళ్ళకోసారి జాతరకు పెనక వంశం పూజారులు ఆయన్ని తీసుకుని అడవి దారిన కాలినడకన మేడారం పోతారు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. చిలకలగుట్ట మీద నుంచి సమ్మక్క దిగుతుంది. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. జనం నోట ఉన్న కథ ఇలా నడుస్తుంది. కరువొచ్చింది. కప్పం కట్టలేమని కోయలు అన్నారు. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు పడ్డాడు, సారలమ్మ పడింది, జంపన్న సంపెంగ వాగులో దూకాడు, ఆ వాగు జంపన్న వాగయింది. సమ్మక్క గాయాలతో పోరాడి గుట్ట వైపు నడిచి కనబడకుండా పోయింది.

నేను విన్న అయిదారు రికార్డింగుల్లో కరువూ కప్పమూ రెండు నిమిషాల్లో అయిపోతాయి. మిగతా సమయమంతా పులుల మధ్య దొరికిన పసిపాప, దేవి అవతారం, కుంకుమ భరిణె, కోరిన కోరికలు తీర్చే తల్లి. వెనకాల వీణ వాయిస్తుంటారు. (కోయ దేవత కథకు వీణ ఎందుకో! డోలి వాయించేవాళ్ళు దొరకలేదా?) మా సంఘంలో ఒకామె మధ్యలో ఆపి, "కప్పం ముచ్చట ఇంకింత చెప్పమనరాదు, గా పులుల ముచ్చట మాకెరికే" అన్నది. మా వాళ్ళకు కప్పం అంటే ఏమిటో విడమర్చి చెప్పాల్సిన పని లేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చిన తర్వాత కూడా పోడు పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్ళు ఆ గుంపులో ఉన్నారు. అడవిలో దున్నుకుని బతికేవాళ్ళను రాజ్యం ఏమడుగుతుంది, ఇవ్వలేకపోతే ఏం చేస్తుంది అన్నది వాళ్ళకు సమ్మక్క కథలో అన్నిటికంటే అవసరమైన భాగం. భక్తి అరలో పెట్టగానే సరిగ్గా ఆ భాగమే ఎగిరిపోతోంది.

భక్తిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన మిత్రులలో కొందరికి భక్తి అనగానే ముఖం తిప్పుకునే అలవాటుంది. నాకది నచ్చదు. ఎత్తు బంగారం అని బెల్లం మోసుకుపోయే స్త్రీకి ఆ మొక్కు వెనక బిడ్డ జబ్బో, కాన్పు భయమో, అప్పో ఉంటుంది. ఆమె సమ్మక్కను దేవతగా మొక్కుతుంది, కప్పం కట్టనన్న మనిషిగానూ తలుచుకుంటుంది. రెండూ ఒకే నోట చెబుతుంది. అరలు వేసింది ఆమె కాదు. పుస్తకం రాసినవాళ్ళు, దాన్ని చదివి వినిపించేవాళ్ళు ఆమె చెప్పినదాన్ని రెండుగా కోసి, ఒక ముక్కనే ఆమెకు తిరిగి వినిపిస్తున్నారు.

డోలీల గురించి ఒక మాట. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందిన సకిని రామచంద్రయ్య గారు కోయ వీరుల కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. డోలీలు ఒక కథ మొత్తం పాడాలంటే గంటల తరబడి సాగుతుంది. అది అరగంట ఎపిసోడ్‌లో ఇమడదు గనుక దాన్ని రాసి, కత్తిరించి, ప్రమాణ భాషలో ఇంకొకరి చేత చదివిస్తారు. ఇక ఇళ్ళలో అవ్వలు చెప్పే కథల దాకా ఈ యాప్‌ల వాళ్ళు రానే రారు. డోలి పట్టేది మగవాళ్ళు, పుస్తకం రాసేది ఎక్కువగా మగవాళ్ళు, మైకు ముందు చదివేదీ ఎక్కువగా మగవాళ్ళు. యుద్ధం చేసింది తల్లీ కూతుళ్ళు!

చరిత్ర అర దగ్గరికి వస్తే నా అసంతృప్తి ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఇక్కడ జరగవలసిన పని ఎలా ఉంటుందో ఒకసారి జరిగి చూపించింది. 1978లో హైదరాబాదులో ఏర్పడిన స్త్రీ శక్తి సంఘటన సభ్యులు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ పోయి, టేపురికార్డరు పెట్టి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఎక్కించుకున్నారు. అదే 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అయింది. 1989లో ఇంగ్లీషులోకి పోయింది. ఆ పుస్తకం పుట్టిందే గొంతుల నుంచి, క్యాసెట్ల నుంచి. మన తెలుగులో వినదగ్గ చరిత్ర పుస్తకం అంటూ ఒకటుంటే మొదట అదే. పోరాటంలో ఉన్న స్త్రీలు చెప్పగా, ఇతర స్త్రీలు విని రాసిన పుస్తకం అది. దాన్ని తిరిగి చదవలేని స్త్రీల చెవికి చేర్చడం న్యాయమైన పని.

దానికి బదులు సాయుధ పోరాటం పేరుతో నాకు వినబడినవి వేరు. తేదీలున్నాయి, దళాల పేర్లున్నాయి, నాయకుల ఉపన్యాసాలున్నాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగడం ఉంది, 1951 అక్టోబరులో పోరాట విరమణ ఉంది. స్త్రీలు ఒక అధ్యాయంలో వస్తారు. అన్నం వండిపెట్టారు, కబుర్లు మోశారు, కొందరు తుపాకీ పట్టారు అని చెప్పి ముగిస్తారు. చాకలి ఐలమ్మ తప్పక ఉంటుంది. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు కాబట్టి ఇకముందు ఇంకా ఎక్కువ వినబడుతుంది, సంతోషమే. అయితే ఎలా వినబడుతోంది? పాలకుర్తిలో విసునూరు దేశముఖు మనుషుల ఎదుట తన పంట కోసం నిలబడ్డ ఆ మనిషి మాటలను నేను విన్న ఒక రికార్డింగులో దిద్ది, మెత్తబరిచి, వార్తలు చదివినట్టు చదివారు. పాలకుర్తి మాకు పరాయి దేశం కాదు, అదీ పాత వరంగల్ జిల్లాదే. మావాళ్ళు విని నవ్వారు. "మన ఐలమ్మ గిట్ల మాట్లాడ్తదా? రేడియోల వార్తలు సదివినట్టున్నది" అన్నారు. నవ్వు వెనక ఒక బాధ ఉంది. మీ భాషలో ఉన్నంతసేపు అది ముచ్చటే, మా భాషలోకి వస్తేనే చరిత్ర అని ఆ గొంతు వాళ్ళకు చెబుతోంది. యాస అంటే అక్కడక్కడ చల్లే పోపు కాదు. కోపం, వెటకారం, తెగింపు అన్నీ ఆ యాసలోనే ఉన్నాయి. అది తీసేస్తే ఐలమ్మ మాటల్లో సమాచారం మాత్రమే మిగులుతుంది.

అందుకని నేను ఒకరోజు రికార్డింగులన్నీ పక్కన పెట్టి, 'మనకు తెలియని మన చరిత్ర'లో కమలమ్మ చెప్పిన భాగం నుంచి కొంత నేనే గట్టిగా చదివాను. దళంతో అడవిలో తిరిగే రోజుల్లో ఆమె కన్నబిడ్డను వేరేవాళ్ళకు ఇచ్చేయవలసి వచ్చింది. ఆ చోటికి రాగానే ఎవరూ మాట్లాడలేదు. పిల్లకు పాలిస్తున్న ఒకామె లేచి బయటికి పోయింది. తర్వాత చర్చ గంటన్నర నడిచింది. "పార్టీ గట్ల అనకపోతే పోలీసులకు దొరికిపోదురు" అని ఒకరు. "మరి మొగోళ్ళను ఎవ్వలన్న గిట్ల అడిగిండ్రా, నీ పిల్లనో పార్టీనో తేల్చుకొమ్మని?" అని ఇంకొకరు. ఇంటిపని, సంఘం పని, పసిపిల్లలు, మీటింగుకు పోతే అత్త అనే మాటలు అన్నీ అందులోకి వచ్చాయి. డెబ్బయి అయిదేళ్ళ కిందటి కథ ఆ రోజు మా గుడిసెలో జరిగినట్టే ఉంది. రెండేళ్ళలో విన్న ఏ చరిత్ర ఆడియో ఇంత చర్చ పుట్టించలేదు. చదివే గొంతు బాగుండడం వల్ల కాదు, నా గొంతు బొంగురు. పుస్తకంలో ఉన్న స్త్రీ తన సొంత మాటతో వచ్చింది గనుక.

మల్లు స్వరాజ్యం గారి విషయంలో మనకు ఇంకొంత అదృష్టముంది. సాయుధ పోరాటం చివరి రోజుల్లో గోదావరి అడవుల్లో కోయల మధ్య పనిచేసిన ఆమె 2022 మార్చి 19న మరణించారు. ఆమె చెప్పగా రాసిన 'నా మాటే తుపాకీ తూటా' పుస్తకం ఉంది. అంతకంటే ముఖ్యంగా ఆమె స్వయంగా మాట్లాడిన, పాడిన వీడియో ఇంటర్వ్యూలు ఉన్నాయి. వేరేవాళ్ళు చదివి వినిపించిన ఏ పుస్తకమూ వాటి పక్కన నిలబడదు.

మంచివి లేవని నేననను. కాలిఫోర్నియాలో ఉండే 'కౌముది' సంపాదకులు కిరణ్‌ప్రభ గారు చేసే టాక్‌షోలు కొన్ని విన్నాను. పుస్తకాలు చదివి, హడావిడి లేకుండా, పక్కన కూర్చుని చెప్పినట్టు చెప్పే పద్ధతి నాకు నచ్చింది. నన్నడిగితే ఆడియోకు కావలసింది అదే. గొంతు వణికించి ఏడిపించాలని చూసేవాళ్ళను, ప్రతి పేరా చివరా గంట మోగించేవాళ్ళను నేను పది నిమిషాలకు మించి భరించలేను.

ఇక సంగీతం. సంగీతం గురించిన ఆడియో పుస్తకంలో సంగీతం వినబడకపోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. రాగం పేరు చెబుతారు. అది ఎలా ఉంటుందో ఒక్క క్షణమైనా వినిపించరు. అచ్చు పుస్తకానికి ఆ ఇబ్బంది తప్పదు, చెవికి చెప్పేవాళ్ళకు ఏమొచ్చింది? మన ఉయ్యాల పాటలు, బతుకమ్మ పాటలు, లంబాడ స్త్రీల పాటలు సంగీతం అరలో ఉండవు. జానపదం అని వేరే అర, అందులో పాడినామె పేరు చాలాసార్లు ఉండదు.

నాగరత్నమ్మ సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి. 1878లో పుట్టిన ఈ దేవదాసి గాయని మద్రాసులో పేరు తెచ్చుకుంది. తన సొమ్ము ధారపోసి తిరువయ్యారులో త్యాగరాజ సమాధి దగ్గర గుడి కట్టించింది. 1925లో అక్కడ ప్రతిష్ఠ జరిగింది. భక్తి, సంగీతం ఆడియోలలో మనకు వినబడేది ఇంతవరకే. నగలమ్మి గుడి కట్టిన పుణ్యాత్మురాలు. కానీ ఆ గుడి దగ్గర జరిగే ఆరాధనలో ఆడవాళ్ళు కచేరీ చేయకూడదని మగ విద్వాంసులు అన్నారన్నది, ఆమె 1927లో సమాధి వెనుక వైపున ఆడవాళ్ళ చేతనే వేరుగా ఆరాధన మొదలుపెట్టించిందన్నది, ఆ వేర్వేరు ఆరాధనలు ఒకటి కావడానికి 1940 ప్రాంతం దాకా పట్టిందన్నది ఒక వాక్యంలో దాటిపోతాయి, లేదా అసలుండవు. మా సంఘంలో ఈ కథ నా మాటల్లో చెప్పినప్పుడు త్యాగరాజు ఎవరో చాలామందికి తెలియదు. అయినా ప్రశ్న వెంటనే వచ్చింది. "గుడి కట్టినామె గుడి ముందల పాడద్దా?"

నాగరత్నమ్మకు ఇంకో చరిత్ర ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనం' కావ్యాన్ని అంతకుముందు వేసినవాళ్ళు కొన్ని పద్యాలు, ముద్దుపళని తన గురించి చెప్పుకున్న భాగం తీసేసి అచ్చువేశారు. నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని సంపూర్ణంగా పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి ద్వారా ప్రచురించింది. కందుకూరి వీరేశలింగం గారు ముద్దుపళనిని నిందించడాన్ని ముందుమాటలో నిలదీసింది. మగకవుల శృంగారానికి లేని అభ్యంతరం ఒక స్త్రీ రాస్తే ఎందుకన్నది ఆమె వాదన. బ్రిటిష్ ప్రభుత్వం 1911లో పుస్తకం అశ్లీలమని ప్రతులు జప్తు చేయించింది. నిషేధం తొలగడానికి 1947 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రెండు పనులూ చేసింది ఒకే స్త్రీ అని, రెండూ ఒకే కొట్లాట అని నేను విన్న ఏ ఆడియోలోనూ చెప్పలేదు. గుడి కట్టిన నాగరత్నమ్మ సంగీతం అరలోకి, పుస్తకం వేసిన నాగరత్నమ్మ సాహిత్యం అరలో మూలకు పోయారు.

మనలో కొందరికి ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంటుందని నాకు తెలుసు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసి అంకితాన్ని నిషేధించే చట్టం వచ్చింది. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి దేవదాసి కుటుంబం నుంచి వచ్చినామె. నాగరత్నమ్మ ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకించింది. తెలంగాణలో జోగినీ ఆచారం పేరిట దళిత బాలికలకు జరిగిన అన్యాయం చూసినవాళ్ళం మనం. 1988 చట్టం ఎంత అవసరమో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా నాగరత్నమ్మ వైపు వాదన కూడా పూర్తిగా వినాలని నేనంటాను. ఆచారం పోవాలన్న పేరుతో ఆ స్త్రీల కళ, ఆస్తి, చదువు ఎవరి చేతుల్లోకి పోయాయో తెలియాలంటే ఇద్దరి మాటా వినాలి. ఆడియోలో ఒకరు మాట్లాడితే ఇంకొకరు వినబడరు.

ఇంతవరకు ఫిర్యాదులు. హక్కు మాటేమిటి? 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వికలాంగులకు అందే రూపంలో పుస్తకాన్ని తయారుచేసి పంచుకోవడానికి వీలు కల్పించారు. చూపు లేనివారి కోసం వచ్చిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది మన దేశమే. ఇవి పోరాడి సాధించుకున్న హక్కులు, గొప్పవి. కానీ బడి మొహం చూడనివ్వని స్త్రీకి ఈ చట్టంలో చోటు లేదు. ఆమెకు కళ్ళున్నాయి కాబట్టి ఆమె పుస్తకం చదవగలదని చట్టం అనుకుంటుంది. ఆమెకు అక్షరం రాకుండా చేసింది ఈ సమాజమే. ఆ లోటుకు పరిహారంగా వినే హక్కును అడగడం అన్యాయమైన కోరికేమీ కాదు. ప్రభుత్వ సొమ్ముతో అచ్చయ్యే పుస్తకాలనైనా, ప్రభుత్వ గ్రంథాలయాలు కొనే చరిత్ర పుస్తకాలనైనా వినే రూపంలో ఉచితంగా ఇవ్వాలని స్త్రీల సంఘాలు అడగాలి. తెలుగులోనే కాదు, కోయలో, గోర్‌బోలీలో కూడా.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. అదే చట్టంలోని 52వ సెక్షను అచ్చయిన పుస్తకం నుంచి సహేతుకమైన మేరకు భాగాలను నలుగురిలో చదివి వినిపించడానికి అనుమతిస్తుంది. రచయిత చనిపోయిన 60 ఏళ్ళ తర్వాత ఆ రచన అందరిదీ అవుతుంది. 1905లో చనిపోయిన భండారు అచ్చమాంబ 1901లో ప్రచురించిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల', స్త్రీల చరిత్రను ఒక స్త్రీ తెలుగులో రాసిన ఆ తొలినాటి పుస్తకం, ఎవరి అనుమతీ లేకుండా మనం చదివి రికార్డు చేసుకోవచ్చు. 1952లో మరణించిన నాగరత్నమ్మ ముందుమాటా అంతే. ఒక చిక్కుంది. అచ్చమాంబ భాష గ్రాంథికం, మావాళ్ళకు ఎక్కదు. అందుకని మేము ఒక పేజీ చదివి, ఆపి, ఒకరు దాన్ని మా మాటల్లో మళ్ళీ చెప్పి, ఆ చెప్పిందే రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి నాలుగు జీవితాలు అయ్యాయి. చెప్పేటప్పుడు వెనక కోళ్ళు అరుస్తాయి, పసిపిల్లలు ఏడుస్తారు. అవి తీసేయడం మాకు చేతకాలేదు, తీసేయాలనీ అనిపించలేదు.

ఇలాంటి పని మనకు కొత్త కూడా కాదు. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన తర్వాత కూడా సామాన్యులకు రేడియో దక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియోను మొదలుపెట్టి తమ యాసలో, తమ పంటల గురించి, తమ పాటలతో నడిపి చూపించారు. స్టూడియో గొంతు లేకపోతే ఎవరూ వినరన్న మాటను వాళ్ళు ఎప్పుడో అబద్ధం చేశారు.

చివరగా రికార్డు చేసేవాళ్ళకు ఒక సంగతి. 1994 సవరణతో మన కాపీరైటు చట్టంలో ప్రదర్శకుల హక్కు వచ్చింది, 2012లో ఇంకొంత బలపడింది. పాడే ఎవరైనా ఆ చట్టం కింద ప్రదర్శకులే. బొంబాయి స్టూడియోలో పాడే గాయనికి ఉన్నట్టే మా ఊరి లంబాడ అవ్వకూ ఆ హక్కు ఉంది. ఆమె పాటను ఫోనులో పట్టుకుపోయి, జానపదం అని పేరు పెట్టి, డబ్బుకు అమ్ముకునేవాళ్ళకు ఈ మాట తెలియాలి, మనకూ తెలియాలి. మేము రికార్డు నొక్కగానే మొదట ఆమె పేరు, ఊరు, ఇది ఎవరెవరు వినవచ్చు అన్నది ఆమె గొంతులోనే చెప్పిస్తున్నాం. కొందరు లోకమంతా వినాలంటారు. కొందరు సంఘం దాకా చాలంటారు. పోయిన నెల ఒకామె కొడుకు పోయినప్పుడు తాను ఏడ్చిన ఏడుపు పాట పాడటానికి ఒప్పుకున్నది, రెండు చరణాలయ్యాక ఆపేసి, ఇది ఫోనుల ఉండద్దు బిడ్డా అన్నది. తీసేశాం. మిగతావి సంఘం మెమరీ కార్డులో ఉన్నాయి, కావలసినవాళ్ళు కొత్తగూడ వచ్చి వినవచ్చు.